పూల కార్డుల పనిలో మేము నేర్చుకున్నది
(సమాఖ్య వార్షిక మహాసభలో పలమనేరు సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

నేను పదో తరగతి వరకే చదివినాను. మైకు ముందర మాట్లాడేది ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

పోయిన సంవత్సరం మా సంఘం చేసిన పూల కార్డుల గురించి చెప్పమన్నారు. మన పక్క థాంక్స్ అని నోటితో చెప్పే అలవాటు తక్కువ. ఎవరన్నా సాయం చేస్తే ఇన్ని చింతకాయలో, ఒక చెంబు మజ్జిగో పంపిస్తాం. వాళ్లింట్లో పని పడితే మనం పోతాం. అంతే. కానీ ఇప్పుడు పెండ్లిళ్లలో తాంబూలం సంచిలో ఒక ధన్యవాదాల కార్డు పెడుతున్నారు. అట్లాంటి పెండ్లివాళ్లు ఒకరు 100 కార్డులు కావాలని అడిగితే మేము ఒప్పుకున్నాం.

అచ్చు వేసే పని మనకు కొత్తది కాదు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. రెండింటినీ కలంకారీ అనే అంటారు. చెక్క అచ్చు చెక్కించాలంటే మా చేతిలో అంత డబ్బు లేదు. మన పలమనేరులో మట్టి పని చేసేవాళ్లు ఉన్నారు గదా, వాళ్ల దగ్గర మట్టి అచ్చులు కాల్పించుకున్నాం. మట్టి కొంచెం గట్టిపడినాక, పూర్తిగా ఎండకముందే చెక్కాలి. ఎండి, కాలినాక అచ్చు చిన్నదవుతుంది. అందుకని కావలసిన దానికంటే కొంచెం పెద్దగా చెక్కుకోవాలి.

మొదటి తప్పు నాదే. “ధన్యవాదాలు” అనే మాటను నేనే రాసి చెక్కించినాను. కాల్చి తెచ్చి కాగితం మీద అద్దితే అక్షరాలన్నీ తిరగబడి పడినాయి. అద్దంలో చూస్తే తప్ప చదవలేం! పదో తరగతి చదివినదాన్ని, ఆ మాత్రం తెలియలేదు. మళ్లీ చెక్కి, ఆరబెట్టి, కాల్చేదానికి వారం దినాలు పోయింది. మీరెవరన్నా చేస్తే, పలచని కాగితం మీద రాసి, దాన్ని బోర్లించి, వెనక నుంచి కనబడే గీతల మీదే చెక్కండి.

అచ్చు కూడా లేకుండా మొదలు పెట్టాలంటే బెండకాయ చాలు. అడ్డంగా కోసి, తడి తుడిచి, రంగులో అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. మధ్యలో చుక్కకు అగ్గిపుల్ల మొన చాలు.

ఇప్పుడు కార్డు చేసే విధానం చెబుతాను. మందమైన ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఒక్కో ముక్కను మడిస్తే రెండు కార్డులు వస్తాయి. దాని మీద అన్ని పక్కలా అర సెంటీమీటరు తక్కువగా రంగు కాగితం అంటించాలి. దాని మీద ఇంకో అర సెంటీమీటరు తక్కువగా తెల్ల కాగితం. పువ్వు అచ్చు ఈ తెల్ల కాగితం మీద పడాలి. ఇంకొక పువ్వును విడిగా అచ్చువేసి, కత్తిరించి, వెనక చిన్న అట్టముక్క పెట్టి అంటిస్తే పువ్వు పైకి లేచినట్టు ఉంటుంది. రంగు కాగితానికి మేము పాత పెండ్లి పత్రికలు వాడుకున్నాం. ప్రతి ఇంట్లోనూ అటక మీద ఒక కట్ట ఉంటుంది.

రంగును నేరుగా అచ్చుకు పూయకుండా స్పాంజి మీద పోసి అద్దాలి. మట్టి అచ్చు గట్టిగా ఉంటుంది కాబట్టి కాగితం కింద నాలుగు మడతల గుడ్డ పరచాలి, లేకుంటే మధ్యలో రంగు పడదు. జిగురు అంచులకే పలచగా రాయాలి, ఎక్కువైతే కాగితం ముడుచుకుంటుంది. ఇంకొక మాట, ఆరకముందే ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. కార్తీకమాసం ముసురులో మేము పేర్చినాం. పొద్దున చూస్తే 14 కార్డుల వీపున రంగు అంటుకుని ఉంది. తర్వాత దారం కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీసినాం.

ఇంక లెక్క. కార్డు 10 రూపాయలని ఒప్పుకున్నాం. 1,000 రూపాయలు వచ్చింది. పాడైనవి కూడా కలిపి సామాను ఖర్చు 430. మిగిలింది 570. నేను పుస్తకంలో “లాభం 570” అని రాసి, మీటింగులో గొప్పగా చదివినాను. అందరూ చప్పట్లు కొట్టినారు.

మా సంఘంలో ఒక అవ్వ ఉంది. చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. కార్డుల పనికి నేను ఆమెను పిలవలేదు. అక్షరాల పని, అవ్వకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ దినం అవ్వ లేచి, “పాపా, ఎంతమంది కూర్చున్నారు? ఎన్ని పొద్దులు?” అని అడిగింది. నలుగురం, మూడు దినాలు, దినానికి 3 గంటలు అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టి, “అయితే మీ కూలి యాడ రాసినావు? టమేటా కోతకు పోయింటే ఇంతకంటే ఎక్కువ వచ్చుండేది గదా” అనింది.

ఎవరూ మాట్లాడలేదు. 36 గంటలకు 570 అంటే గంటకు 16 రూపాయలు కూడా లేదు. అది లాభం కాదు, మా కూలి కూడా పూర్తిగా రాలేదు. వేరేవాళ్ల పొలంలో అయితే కూలి అడుగుతాం, మన చేతి పనికి మనమే కూలి రాసుకోం.

తర్వాత పని పంచుకున్నాం. ఒకరు కోసేది, ఒకరు అచ్చు, ఒకరు అంటించేది, ఒకరు కవర్లు. 100 కార్డులు 24 గంటల్లో అయినాయి. గంటకు 40 కూలి వేస్తే 960, సామాను 430, మొత్తం 1,390. కార్డు 15 రూపాయలు చెప్పినాం. కొందరు వద్దనిపోయినారు, పోనీ అన్నాం. తీసుకున్నవాళ్లకు 100 ఇస్తే కూలి పోను సంఘానికి 110 మిగిలింది. చిన్న మొత్తమే, కానీ అది నిజమైన లాభం.

ఇప్పుడు ప్రతి ఆర్డరుకు ముందు అవ్వ లెక్క చూస్తుంది. సంఘం తరపున ఆమెకు ఒక కార్డు చేసినాం. దానికి అచ్చు వాడలేదు. సభ్యులందరం ఎర్ర రంగులో బొటనవేలు అద్ది, ఒక్కో వేలిముద్ర ఒక్కో రేకుగా పువ్వు వేసినాం. చేతికిస్తే అవ్వ చాలాసేపు చూసి, “సంతకాలు చేసేటోళ్లు మీరూ నిశానీ వేసినారే!” అని నవ్వింది. తర్వాత ఏ రేకు ఎవరిదో ఒక్కొక్కటే అడిగింది. నాది చూపించినాను. “నీది కొంచెం అలికినట్టుంది పాపా” అనింది. నిజమే, తొందరలో వేసినాను.

అక్కలారా, మీరు ఊరగాయ పెట్టినా, బట్టలు కుట్టినా, కార్డులు చేసినా, మొదట కూలి గడి రాసుకోండి. సంఘంలో మాట్లాడకుండా వెనక కూర్చున్నవాళ్లను ఒకసారి అడగండి. నేను అడగనందుకు ఒక ఆర్డరంతా నష్టపోయినాం.