కావలి నిద్రపోకూడదు

(మహిళా సంఘం సమావేశంలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగం)



ఈ రోజు కంప్యూటరు గురించి మాట్లాడుకుందాం. "మనకెందుకమ్మా కంప్యూటరు?" అనుకోకండి. పిల్లల చదువుకని కొన్న కంప్యూటరులో ఇప్పుడు మన బ్యాంకు కాగితాలున్నాయి. పొలం కాగితాలున్నాయి. పెళ్లి ఫొటోలున్నాయి. అంటే అది మన ఇనప్పెట్టె. మరి ఇనప్పెట్టెకు కాపలా వద్దా?

ముందు మా సంఘం సంగతి చెప్తాను. మా పొదుపు లెక్కలు మా అమ్మాయి కంప్యూటరులో రాసేది. ఒకరోజు ఫొటోలు తీయించడానికి షాపులో పెన్ డ్రైవ్ ఇచ్చాం. దాన్ని ఇంటికి తెచ్చి కంప్యూటరుకు పెట్టాం. మర్నాడు చూస్తే లెక్కల ఫైలు తెరుచుకోలేదు. వైరస్ పట్టింది.

పాస్‌బుక్కులు ముందేసుకుని మూడు రోజులు లెక్కలు మళ్లీ రాశాం. ఒక చెల్లెలు కట్టిన రెండు వాయిదాలు పాస్‌బుక్కులో ఎక్కలేదు. "నేను కట్టానక్కా" అని ఆమె ఏడ్చింది. నమ్మాలా వద్దా అని మాలో మాకే గొడవ. చివరకు బ్యాంకు లెక్కలో ఆ డబ్బు కనబడింది. డబ్బు దొరికింది గాని, ఆమె మనసు నొచ్చుకుంది.

వైరస్ అంటే పురుగు కాదు. కంప్యూటరును పాడుచెయ్యాలని, మన వివరాలు దొంగిలించాలని ఎవరో రాసిన ప్రోగ్రాం. దాన్ని పట్టుకునే ప్రోగ్రాం పేరు యాంటీవైరస్.

"మీ కంప్యూటరులో అది లేదా?" అని మీరు అడగొచ్చు. ఉంది! కాని ఏడు నెలలుగా అప్‌డేట్ చెయ్యలేదు. కంప్యూటరు అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కాం.

యాంటీవైరస్ ఊరి కావలివాడి లాంటిది. అతని చేతిలో దొంగల ఆనవాళ్ల జాబితా ఉంటుంది. నడకను బట్టి కొందరిని అనుమానిస్తాడు గాని, ఆ జాబితాయే అతనికి పెద్ద బలం. కొత్త దొంగలు రోజూ బయలుదేరుతున్నారు. జాబితా పాతదైతే దొంగ ఎదురుగా వచ్చినా గుర్తుపట్టలేకపోవచ్చు. జాబితాను కొత్తది చెయ్యడమే అప్‌డేట్.

కంప్యూటరును నడిపే విండోస్‌కు కూడా అప్‌డేట్లు వస్తాయి. అవి గోడకు పడ్డ కన్నాలు పూడుస్తాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ బయలుదేరింది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానంది. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలల ముందే! చాలామంది వేసుకోలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే ఏం లాభం?

"ఇంటి పనుల్లో రోజూ ఎవరికి గుర్తుంటుంది?" అంటారు. నిజమే. అందుకే ఆ పని కంప్యూటరుకే అప్పగించాలి.

ఒకటి. విండోస్ 10, విండోస్ 11 కంప్యూటర్లలో "విండోస్ సెక్యూరిటీ" అనే కాపలా ముందే ఉంటుంది. వేరే యాంటీవైరస్ పెట్టకపోతే, అదే జాబితా తెచ్చుకుంటుంది. అందులో "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్" దగ్గర చివరి అప్‌డేట్ తేదీ ఉంటుంది. తేదీ చదవడం మనకిప్పుడు వచ్చు గదా! నిన్నటిదో ఇవాళ్టిదో అయితే మంచిది. పాతదైతే "చెక్ ఫర్ అప్‌డేట్స్" అన్న చోట నొక్కండి.

రెండు. యాంటీవైరస్ విడిగా కొన్నారా? సెట్టింగుల్లో "ఆటోమేటిక్ అప్‌డేట్" ఆన్ చేయించండి. టైము పెట్టమంటే, కంప్యూటరు ఆన్‌లో ఉండి, నెట్ వచ్చే టైము పెట్టండి. పిల్లలు సాయంత్రం 6 గంటలకు చదువుకుంటారా? అదే పెట్టండి. రాత్రి 2 గంటలని పెడితే, ఆపేసిన కంప్యూటరు ఏం చేస్తుంది? టైము తప్పితే ఆన్ కాగానే చేసే ఏర్పాటు ఉంటే అదీ పెట్టించండి. ఏడాది చందా అయిపోయిందేమో కూడా చూడండి. చందా తీరితే కొత్త జాబితా రాకపోవచ్చు.

పిల్లల పని ఆగుతుందని భయం వద్దు. మనం కూర తరుగుతుంటే పక్క పొయ్యి మీద పప్పు ఉడుకుతుంది గదా, అలాగే అది వెనకాల జరిగిపోతుంది.

మూడు. "మీకు వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోను చెయ్యండి" అని తెర మీద కనబడితే నమ్మకండి. అది మోసం.

ఇంకో మాట. ఎంత కాపలా ఉన్నా లెక్కలు ఇంకోచోట కూడా ఉండాలి. మా సంఘం ఇప్పుడు నెలనెలా పుస్తకంలో కూడా రాస్తోంది. ఆ చెల్లెలే రాస్తోంది.

ఈ రాత్రి ఇంటికెళ్లి పిల్లల్ని పిలవండి. "మన కంప్యూటరు అప్‌డేట్ తేదీ చూపించు" అని అడగండి. ఆ తేదీ మీరే చదవండి.

సెలవు.