చారాణా అంటే ఎంత శాతం?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. పింఛను ఒకరి దయాభిక్ష కాదని సుప్రీంకోర్టు చెప్పిన ఆ తీర్పు గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నేను డి.ఎ. గురించి గాని, బకాయిల గురించి గాని మాట్లాడబోవడం లేదు. మనలో చాలామంది ఇండ్లలో ఉన్న ఒక చిన్న సమస్యను మీ ముందుంచుతాను. అది మనవలు, మనవరాండ్ర ప్రవేశ పరీక్షలో వచ్చే లెక్కల సమస్య.

నా మనవరాలు బి.ఎ. చదివింది. ఎం.బి.ఎ. చేయాలని ఐసెట్ రాసింది. మొదటిసారి వచ్చిన ర్యాంకుకు ఆమె కోరుకున్న కాలేజీలో సీటు రాలేదు. "లెక్కలే ముంచినయ్ తాతా" అన్నది. "పదో తరగతి లెక్కలకు ఇంత భయమెందుకు బిడ్డా?" అన్నాను. కాసేపు ఊరుకుని, "అయిదో తరగతిల పదమూడో ఎక్కం తప్పు చెప్తే, చుట్టాలందరి ముంగట కొట్టినవ్. యాదుందా?" అన్నది.

నాకు యాదు లేదు. కొట్టినవాడు మరిచిపోతాడు, దెబ్బ తిన్నవారు మరువరు. ముప్పై ఆరేండ్లు గుమాస్తాగా పైసా తేడా రాకుండా మొత్తాలు కట్టినవాణ్ణి, ఇంట్లో ఇంత పెద్ద తప్పు చేశానని డెబ్బై దాటినాక తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆమె పుస్తకం తీసుకుని నేనే ముందు కూర్చున్నాను.

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. అందులో గణితానివి 75. వాటిలో అంకగణితం 35, బీజగణితం, రేఖాగణితం కలిపి 30, సాంఖ్యక శాస్త్రం 10. కాలిక్యులేటరు తీసుకుపోనివ్వరు. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. శాతాలు, లాభనష్టాలు, భాగస్వామ్యం, కాలం–పని, తొట్టి–గొట్టాలు, అన్నీ మనం చూసినవే. మాత్రికలు, అవధులు మాత్రం నాకు రావు. వాటికి ఆమె స్నేహితురాలి దగ్గరకు పొమ్మన్నాను. రానిది రాదని చెప్పడానికి సిగ్గుపడలేదు.

మొదలు అణాలతో పెట్టాను. రూపాయికి పదహారణాలు. చారాణా అంటే 25 శాతం, ఆఠాణా 50, బారాణా 75. రెండణాలు పన్నెండున్నర శాతం, అంటే ఎనిమిదో వంతు. ఒక అణా ఆరుంబావు శాతం. 640లో పన్నెండున్నర శాతం ఎంత అంటే కాగితం అక్కరలేదు, ఎనిమిదితో భాగిస్తే 80. "చారాణా కోడికి బారాణా మసాలా" సామెతలో కోడికీ మసాలాకూ నిష్పత్తి ఎంత అని అడిగితే, నవ్వి "ఒకటికి మూడు" అన్నది. లెక్కల దగ్గర ఆ పిల్ల నవ్వడం నేను చూడడం అదే మొదలు.

మన భైంసాలో మరాఠీ బడిలో చదివిన పెద్దలకు పావకీ, నిమకీ, సవాయకీ, దిడకీ గుర్తుండే ఉంటాయి. పావు, అర, ఒకటింబావు, ఒకటిన్నర ఎక్కాలన్న మాట. అవి వచ్చినవారికి 45 సెకన్లు చాలా ఎక్కువ సమయం.

త్రైరాశికానికి మన పింఛను లెక్కనే తీసుకున్నాను. పాత నిబంధనల ప్రకారం 33 ఏండ్ల సర్వీసుకు, అంటే 66 అర్ధ సంవత్సరాలకు, చివరి జీతంలో సగం. జీతం 11,000, సర్వీసు 30 ఏండ్లు అయితే, వెయిటేజి పక్కన పెడితే, 5,500ను 60తో గుణించి 66తో భాగించాలి. సరిగ్గా 5,000. భాగస్వామ్యానికి పత్తి వ్యాపారం. ఒకరు 40,000 పన్నెండు నెలలు, ఇంకొకరు 60,000 ఎనిమిది నెలలు పెట్టారు. రెండూ 4,80,000, కాబట్టి లాభం సమానం. సగటుకు మన సంఘమే. అయిదుగురి పింఛను వేలల్లో 20, 22, 24, 26, 58 అనుకుందాం. సగటు 30. కాని నలుగురికి అంత రాదు. మధ్యగతం 24, అదే నిజానికి దగ్గర. సగటు చెప్పి మనల్ని మాయ చేసేవారుంటారని ఇద్దరం నవ్వుకున్నాం.

అయితే నా పద్ధతిలో కూడా ఒక లోపం బయటపడింది. నాకు ప్రతి లెక్కా రెండుసార్లు సరిచూసే అలవాటు. తెలియని గడి నింపరాదన్నది ఆఫీసు నీతి. ఆమె గడియారం పెట్టి చూపించింది. నా లెక్కన పోతే 75లో సగం ప్రశ్నలు చూడకుండానే సమయం అయిపోతుంది. ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. వచ్చినవి ముందు చేయాలి, చిక్కువి వదిలి మళ్లీ రావాలి, చివరకు ఏ ప్రశ్ననూ ఖాళీగా ఉంచరాదు. ఆఫీసుకు పనికివచ్చిన నీతి ఇక్కడ పనికిరాదని మనవరాలి దగ్గర నేర్చుకున్నాను.

నాలుగు నెలలు, రోజూ పొద్దున ఒక గంట. తప్పు చేస్తే తిట్టలేదు. చేసిన తప్పులను ఒక నోటుబుక్కులో రాసి, ఆదివారం మళ్లీ చేయించాను. అన్నిటికంటే అదే ఎక్కువ పనిచేసింది. రెండోసారి పరీక్షకు నిజామాబాదుకు నేనే తోడు పోయాను. మొదటి ర్యాంకు రాలేదు, ఆమె కోరుకున్న సీటు వచ్చింది. బయటకు వచ్చి, "ఈసారి భయం కాలే తాతా" అన్నది. నాకు ర్యాంకుకంటే ఆ మాటే పెద్దది.

మిత్రులారా, బాసరలో అక్షరాభ్యాసం చేయించి, తరువాత బెత్తం పట్టిన చేతులు మనవి. ఇప్పుడు ఆ చేతులకు తీరిక ఉన్నది. కోచింగు డబ్బు అందరికీ దొరకదు. మన సంఘం గదిలో సాయంత్రం ఒక గంట, ఎవరికి వచ్చిన లెక్క వారు, ఏ ఇంటి పిల్లలకైనా చెప్పే ఏర్పాటు చేయాలని కార్యదర్శిగారికి మనవి చేసుకుంటున్నాను. శాతాలు నేను చూసుకుంటాను. మాత్రికలకు మాత్రం రిటైరైన మాస్టారు ఒకరు ముందుకు రావాలి.