మధుమేహము - క్లోమగ్రంథిని చూచు సాధనములు

మన్సూరాబాదు వీధులలో, ఎల్.బి. నగరు కూడలి పరిసరములలో ఏ ఉదయమున చూచినను రక్తపరీక్షా కేంద్రముల ముందు కొందరు నిరీక్షించుచుందురు. పరగడుపున ఒకసారి రక్తమిచ్చి, ఫలహారము చేసి, రెండు గంటల పిదప మరల ఇచ్చుటకు వచ్చినవారు వారు. "షుగరు ఎంత వచ్చినది?" అను ప్రశ్న నేడు మన ఇండ్లలో కుశలప్రశ్నవలె అయినది. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ఫలితములు 2023లో వెలువడినప్పుడు, మన దేశములో మధుమేహము గలవారు పదికోట్లకు పైబడిరని తేలినది. ఇందరిలో తమ రక్తములోని చక్కెర లెక్క ఎరిగినవారు అనేకులు. ఆ లెక్క తప్పుటకు మూలమైన క్లోమగ్రంథి ఎట్లున్నదని అడుగువారు మాత్రము అరుదు. అందరును అడుగవలసిన పని లేదు. కాని అడుగవలసినవారు అడుగకపోయినచో కలుగు నష్టము చిన్నది కాదు. ఆ అడుగవలసినవారు ఎవరో, వైద్యుడు ఆ గ్రంథిని ఏ సాధనములతో చూచునో నేడు విచారింతము.

క్లోమము జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగ ఒదిగియుండును. దాని కుడి కొన ఆంత్రమూలపు వంపులోను, ఎడమ కొన ప్లీహము చెంతను ఉండును. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు; బరువు 100 గ్రాములకు అటునిటు. ఇంత లోతున దాగియుండుటచే వైద్యుడు పొట్టపై చేయి వేసి తడిమినను ఇది సాధారణముగ అందదు.

ఈ గ్రంథికి పనులు రెండు. దీని అధికభాగము జీర్ణరసమును తయారుచేసి ఒక నాళము ద్వారా చిన్నప్రేగులోనికి పంపును. ఆ భాగము నడుమ, సముద్రములో దీవులవలె, చిన్న చిన్న కణసమూహములు కలవు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను వైద్యవిద్యార్థి వీనిని సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించెను. అవియే లాంగర్‌హాన్స్ పుటికలు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను ఇరువురు ఒక కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము వచ్చినది. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమమునుండి ఇన్సులిన్‌ను రాబట్టిరి. ఆ ఇన్సులిన్ పుట్టినిల్లు ఈ పుటికలలోని బీటా కణములే. పుటికలు సుమారు పది లక్షలున్నను అన్నియు కలిసి గ్రంథిలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించవు. ఒక్కొక్కటి సుమారు మిల్లీమీటరులో పదవవంతు. అందుచేతనే ఎంత గొప్ప స్కానింగు యంత్రమైనను నేడు ఆస్పత్రిలో పుటికలను విడిగా చూపజాలదు. యంత్రము చూపునది గ్రంథి ఆకారమును, పరిమాణమును, నాళమును, అందలి రాళ్లను, కంతులను.

1895లో రాంట్‌జన్ కనుగొనిన ఎక్స్‌రే కిరణములు ఎముకను చూపును గాని మెత్తని క్లోమమును చూపవు. అయినను క్లోమనాళములో సున్నపురాళ్లు ఏర్పడినచో, అవి వెన్నెముకకు ఇరుప్రక్కల తెల్లని గులకరాళ్లవలె ఎక్స్‌రే చిత్రమున కనబడును. దక్షిణ భారతమున మధుమేహ చరిత్రలో ఈ తెల్లని చుక్కలకు ప్రత్యేక స్థానము కలదు. 1959లో ఇండొనేసియానుండి జ్యూడెమా అను వైద్యుడును, 1960ల దశకములో కేరళనుండి డాక్టర్ పి.జె. గీవర్గీసును ఇట్టి రోగులను గూర్చి వ్రాసిరి. గీవర్గీసు 1968లో దీనిపై ఒక గ్రంథమునే వెలువరించెను. రోగులు సాధారణముగ యువకులు, బక్కపలుచనివారు. చిన్ననాటినుండి మాటిమాటికి కడుపునొప్పి, పిదప నూనె తేలు విరేచనములు, ఆ తరువాత మధుమేహము - ఇది ఆ వ్యాధి నడక. దీనికి ఫైబ్రోకాల్క్యులస్ పాంక్రియాటిక్ డయాబిటిస్ అని పేరు; అనగా నారకట్టి రాళ్లు పడిన క్లోమమువలన వచ్చిన మధుమేహము.

ఇందొక సామాజిక విషయము కూడ కలదు. క్లోమము చెడినదనగానే "త్రాగుడు అలవాటున్నదా?" అని చుట్టుప్రక్కలవారు శంకింతురు. మద్యము క్లోమమును చెరుపుట నిజమే. కాని ఈ వ్యాధి మద్యము ముట్టనివారికి, స్త్రీలకు, బాలురకు సైతము వచ్చును. అకారణముగ నింద మోసిన రోగికి ఈ మాట ఔషధముతో సమానము.

కారణము వెదకుటలో మన భాగ్యనగరమునకు చక్కని భాగము కలదు. మొదట కర్రపెండలమును శంకించిరి. కేరళలో అది పేదల ఆహారము. కాని కర్రపెండలము తినని ప్రాంతములలోను ఈ వ్యాధి కనబడినది. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని పోషకాహారలోపపు మధుమేహములలో చేర్చి, 1999లో ఆ వర్గమును తొలగించి క్లోమవ్యాధుల క్రిందకు మార్చినది. మన్సూరాబాదునుండి నాగోలు, ఉప్పల్ మీదుగా పోయినచో వచ్చు హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అను కణజీవశాస్త్ర పరిశోధనాలయము కలదు. అచ్చటి డాక్టర్ గిరిరాజ్ రతన్ చాందక్ బృందము, నగరములోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులతో కలిసి జరిపిన పరిశోధన 2002లో వెలువడినది. ఈ రోగులలో అనేకులకు స్పింక్-1 అను జన్యువులో మార్పు ఉన్నట్లు అందు తేలినది. క్లోమరసములోని ట్రిప్సిన్ ఆహారమును అరిగించవలసినది. అది గ్రంథిలోనే ముందుగా మేల్కొన్నచో గ్రంథినే అరిగించును. కంచె చేను మేసినట్లగును. దానిని అణచి ఉంచు కావలిమాంసకృత్తును తయారుచేయునది స్పింక్-1. కావలి బలహీనమైనచో చేనుకు చేటు.

ఇక నేటి సాధనములు. మొదటిది అల్ట్రాసౌండు. కిరణముల బాధ లేదు, వ్యయము స్వల్పము. కాని ప్రేగులలోని గాలి ధ్వనితరంగములకు అడ్డుపడి క్లోమమును మరుగుపరచును. పరగడుపున రమ్మనుటకు ఇదియు ఒక కారణము. రెండవది సి.టి. స్కాను. హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఈ యంత్రముతో 1971లో లండనులో మొదటి రోగిని పరీక్షించిరి; 1979లో ఆయనకును కార్మాక్‌కును నోబెల్ బహుమానము లభించినది. రాళ్లను, కంతులను చూచుటకు ఇది మేలైనది. మూడవది ఎం.ఆర్.ఐ.; ఎక్స్‌రే కిరణములు లేకయే క్లోమనాళమును చెట్టుకొమ్మవలె చూపును. నాలుగవది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు. గొట్టమును నోటిద్వారా జీర్ణాశయములోనికి పంపి, గోడకు ఆవలనే ఉన్న క్లోమమును అతి చేరువనుండి చూతురు. ఇతర యంత్రములకు అందని తొలి మార్పులు దీనికి అందును.

చూచుటవలన ప్రయోజనమేమి? మధుమేహము ఒక్కటే అయినను చికిత్స ఒక్కటి కాదు. రాళ్ల క్లోమము గలవారికి తరచుగ ఇన్సులిన్ అవసరమగును. జీర్ణరసము చాలనందున భోజనముతోపాటు ఎంజైము మాత్రలు వలెను. లేనిచో తిన్నది ఒంటబట్టదు. నొప్పికి కారణమైన పెద్ద రాళ్లను వెలుపలినుండి పంపు తరంగములతో పొడిచేసి, ఎండోస్కోపుతో తొలగింపవచ్చును. పైన చెప్పిన హైదరాబాదు సంస్థవారు వేయిమందికి పైగా రోగులకు ఇట్లు చేసి 2010లో ఫలితములు ప్రకటించిరి. నాలుగింట మూడు వంతుల మందిలో రాళ్లు పూర్తిగా తొలగినవి. నొప్పి తగ్గుట పెద్ద మేలు. అయితే రాళ్లు పోయినంతమాత్రమున మధుమేహము పోవునని ఆశింపరాదు. నశించిన పుటికలు తిరిగి రావు.

సాధారణ మధుమేహములోను ఈ చిత్రములు క్రొత్త సంగతులు తెలుపుచున్నవి. మొదటి రకము మధుమేహములో పుటికలే గాక గ్రంథి అంతయు చిన్నదగునని ఎం.ఆర్.ఐ. పరిశోధనలు చూపినవి. రెండవ రకములో క్లోమమున కొవ్వు చేరుటను ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున రాయ్ టేలర్ బృందము అనుసరించినది. 2017లో ప్రకటించిన వారి ప్రయోగములో, ఆహారనియమముతో బరువు తగ్గించుకొనినవారిలో దాదాపు సగముమంది ఏడాదికి మందులు లేకయే మధుమేహ పరిధినుండి వెలుపలికి వచ్చిరి. అట్లు కోలుకొన్నవారి క్లోమము రెండేండ్లలో కొంత పెరిగినట్లు కూడ 2020లో తెలిపిరి. ఇవి పరిశోధనాలయపు పరీక్షలు. బరువు తగ్గుటకు ఎవరును స్కాను తీయించుకొననక్కరలేదు.

అయినచో ఎవరు అడుగవలెను? మధుమేహము వచ్చిన బక్కపలుచని యువకులు, విడువని కడుపునొప్పి గాని జిడ్డు విరేచనములు గాని ఉన్నచో తప్పక వైద్యునితో చెప్పవలెను. ఏబది ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా మధుమేహము బయటపడి, కారణము లేకయే బరువు తగ్గుచున్నవారును, చక్కెర హఠాత్తుగ అదుపు తప్పినవారును ఆలసింపరాదు. క్లోమపు కేన్సరు కొందరిలో ఇట్లే తొలుత తలుపు తట్టును. కామెర్లు కనబడినచో ఆనాడే పోవలెను. ఇట్టి లక్షణములేవియు లేనివారు కేవలము భయముచే సి.టి. స్కానుకు పరుగిడుట తగదు. అందు కిరణముల మోతాదు కలదు. దానికై ఎక్కించు మందు చెడిన మూత్రపిండములకు హాని చేయవచ్చును. మూత్రపిండముల ఇబ్బంది ఉన్నవారు ఆ సంగతి ముందుగనే చెప్పవలెను.

చక్కెర లెక్కతోపాటు చెప్పవలసిన మాటలు మరి మూడు కలవు: కడుపునొప్పి, విరేచనముల తీరు, తగ్గిన బరువు. మొగమాటముచే మనము దాచునవి ఇవియే. ఏ స్కాను తీయవలెనో, అసలు తీయవలెనో వద్దో వైద్యుడు నిర్ణయించుటకు దారిచూపునవియు ఇవియే.