తీగలేని మైకు



వార్షికోత్సవ వేదికపై పద్యము చదువు పిల్లల చేతిలోని తీగలేని మైకును మీరెల్లరు చూచియే యున్నారు. అది గొంతును పెద్దది చేయునని మనము తలంతుము. నిజమునకు ఆ పని యాంప్లిఫయరుది. మైకు పని నోటికి చేరువగా నుండుట. బయలున దూరము రెట్టింపైనచో శబ్దతీవ్రత నాలుగవ వంతునకు దిగిపోవును. అచ్చులు బలిష్ఠములు గనుక అప్పటికిని వినబడును. స, శ, ష లును, ఒత్తక్షరముల యూపిరియు ముందుగా నశించును. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. ఈ తమిళనాట వీధిలో వినరాని ఒత్తులను మన బిడ్డ బడిలోనే వినవలెను గదా! వెనుక బల్లకు అవి చేరనిచో నెట్లు నేర్చును?

మైకులోని పలుచని పొర మాటకు కంపించును. ఆ కంపనము విద్యుత్తుగా మారును. మామూలు మైకులో అది తీగవెంట పోవును. దీనిలోనో, చిన్న రేడియో ప్రసారయంత్రమే యున్నది. అది వెలువరించు తరంగముల పౌనఃపున్యము మాట ననుసరించి రవంత హెచ్చుచు తగ్గుచు నుండును. గ్రాహకయంత్రము ఆ హెచ్చుతగ్గుల నుండి మాటను మరల రాబట్టును. నేటి మైకులలో కొన్ని మాటను అంకెలుగా మార్చియు పంపుచున్నవి.

1953లో అమెరికాలోని షూర్ సంస్థ 'వాగబాండ్' అను తీగలేని మైకును వెలువరించినది. దానిలోనివి శూన్యనాళికలు, అది పనిచేయు మేర సుమారు 700 చదరపు అడుగులే. 1964 నాటి 'మై ఫెయిర్ లేడీ' చలనచిత్రమున, ముందే ముద్రించిన పాటకు పెదవులాడించుటకు రెక్స్ హారిసన్ ఒప్పుకొనక పోగా, ఆయన టైలో ఇట్టి మైకును దాచిరి. ఆయన ధరించిన పాత్ర ఉచ్చారణశాస్త్రపు ఆచార్యుడగుట ముచ్చటైన సంగతి!

చిక్కులును లేకపోలేదు. నేరుగా వచ్చిన తరంగమును, గోడకు తగిలి మరలిన తరంగమును ఒక్కొక్కచోట పరస్పరము రద్దుచేసికొనును. బిడ్డ అడుగు ప్రక్కకు జరిగినంతనే మాట మాయమగును. అందుచే మేలైన గ్రాహకములకు రెండు ఏంటెన్నాలుండును. చేతిమైకు అడుగుభాగమున తరచుగా ఏంటెన్నా యుండును గనుక అచ్చట పిడికిలి మూయరాదని పిల్లలకు చెప్పుడు.

నా మట్టుకు దీని మిక్కిలి గొప్ప యుపయోగము సభలలో కాదు, తరగతి గదిలో. పిలిచినను పలుకని బిడ్డను మందమతి యనుటకు ముందు వైద్యునిచే చెవులు పరీక్ష చేయింపుడు. వినికిడి తక్కువైన పిల్లలకై ఉపాధ్యాయుడు మెడవద్ద ధరించు మైకులు గలవు. గదిలో ఎంత రొదయున్నను, ఆయన మాట నేరుగా బిడ్డ చెవియంత్రమునకే చేరును. మిగిలిన పిల్లలకు ఆ యేర్పాటు ఉన్నట్లే తోచదు.