అనుకోవడం వేరు, చట్టం భావించడం వేరు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లాయరును కాను. ఆదోనిలో ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లతో కాపురం చేసిన గుమాస్తాను. ఇంగ్లీషులో ప్రిజంప్షన్ అనే మాటను ఇంట్లో మనం ‘అనుకోవడం’ అంటాం. ‘మీరు తినే వచ్చుంటారనుకున్నా’ అంటుంది ఇల్లాలు, ఆ పూట మనకు పస్తు. (మా ఇంటావిడ ఎదురుగానే ఉంది, మన్నించాలి.) హద్దు మీరి చొరవ చూపడాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు ఆ మాటతోనే అంటారు. ఆ తప్పు నేనూ చేశాను.

ఎనభైల చివరిలో ఎమ్మిగనూరు వైపు నుంచి ఒకామె కుటుంబ పెన్షను అర్జీతో వచ్చింది. భర్త మా దగ్గర బంట్రోతు. ఇల్లు విడిచి ఎనిమిదేళ్లయింది, జాడ లేదు. పోలీసు ఫిర్యాదు నకలు తెచ్చింది. కానీ నుదుట బొట్టు, మెడలో తాళి ఉన్నాయి. మన పడమటి పల్లెల నుంచి సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయేవాళ్లు ఎందరో. ఈయన కూడా ఎక్కడో ఉన్నాడు, ఈమె దాస్తోంది అనుకున్నాను. ‘మీ ఆయన చనిపోయాడని రాసివ్వమ్మా’ అని గద్దించాను.

‘ఆ మాట నా నోటితో అననీకండి సార్. ఎనిమిదేండ్ల నుంచి జాబు ల్యాదు, మనిషీ కనపడల్యా. అది రాసుకోండి’ అంది.

ఆ రాత్రి 1872 నాటి సాక్ష్య చట్టం తీసి చూశాను. 107వ సెక్షను ప్రకారం, ముప్పై ఏళ్లలోపు బతికి ఉన్నట్టు తెలిసిన మనిషి చనిపోయాడనేవాడే రుజువు చేయాలి. 108వ సెక్షను దానికి మినహాయింపు. సహజంగా కబురు అందవలసినవాళ్లకు ఏడేళ్లుగా అందకపోతే, బతికి ఉన్నాడనేవాడే రుజువు చేయాలి. చనిపోయాడని ఆమె నమ్మాలని అందులో ఎక్కడా లేదు! కబురు లేదని చెబితే చాలు. ఆమె చెప్పింది అదే. రుజువు భారం ఎవరిదన్నదే చట్టానికి కావాలి. ఇప్పుడు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఇవే 110, 111 సెక్షన్లు.

మరొక మెలిక ఉంది. చనిపోయాడని భావిస్తారు గాని, ఏ రోజు చనిపోయాడో ఆ భావన చెప్పదు. ఎల్.ఐ.సి. వర్సెస్ అనురాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. తేదీ మీద తగాదా వస్తే దానికి వేరే రుజువు కావాలి. అందుకే ఎవరైనా తప్పిపోతే ‘వస్తాడులే’ అని ఊరుకోకుండా వెంటనే ఫిర్యాదు చేసి, నకలు భద్రపరచండి. లైఫ్ సర్టిఫికేటు ఇవ్వకపోతే మన పెన్షను ఆగుతుంది గాని, అంతమాత్రాన చట్టం మనల్ని చంపదు, భయపడకండి.

ఆమె ఫైలు మీద నా పాత నోటు కొట్టివేసి కొత్తది రాశాను. పైవాళ్లు కోర్టు డిక్రీ తెమ్మన్నారు, తెచ్చింది. పెన్షను మంజూరు కావడానికి మరో రెండేళ్లు పట్టింది. కాగితాలు తీసుకోవడానికి వచ్చిన రోజు కూడా బొట్టుతోనే ఉంది. పక్క సీటాయన నన్ను మోచేత్తో పొడిచాడు. ‘వేలిముద్ర ఇక్కడ వేయమ్మా’ అన్నాను.