బోధకుని పరీక్ష



ఎద్దును కొనువారు దాని పండ్లు చూతురు, సుడులు చూతురు, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూతురు. ఆ తరువాతనే బేరము. కొన్ని యేండ్లు దున్నవలసిన పశువు విషయమున ఇంత జాగ్రత్త గల మనము, మనస్సునే అప్పగింపవలసిన బోధకుని విషయమున ఎంత జాగ్రత్త వహించుచున్నాము? క్రైస్తవ సంఘము తన తొలి దినములయందే ఈ ప్రశ్నకు చెప్పుకొనిన సమాధానమును నేడు తమకు మనవి చేయుదును.

ఆ సమాధానము డిడాకే అను చిన్న గ్రీకు గ్రంథమున గలదు. డిడాకే యనగా బోధ. పదునారు చిన్న అధ్యాయముల ఈ పుస్తకము క్రీస్తుశకము మొదటి శతాబ్దము చివరనో, రెండవ శతాబ్దము మొదటనో పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. చిరకాలము దీని పేరు వినబడుటయే గాని పుస్తకము కానరాదయ్యెను. 1056లో లేఖకుడొకడు వ్రాసిన ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపిల్ నగరమున ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అను మతగురువునకు దొరికెను. 1883లో ఆయన దానిని అచ్చు వేయించెను.

ఆనాటి విశ్వాసులు ఇండ్లలోనే కూడుకొనెడివారు. అపొస్తలులు, ప్రవక్తలు అనబడువారు ఊరూర తిరుగుచు బోధించెడివారు. గుమ్మమున నిలిచినవాడు దైవసేవకుడో, పొట్టకూటికి వేషము వేసినవాడో తెలియుట ఎట్లు? తలుపు మూసినచో సజ్జనునకు ద్రోహము. ఇల్లప్పగించినచో ఊరికి కీడు.

డిడాకే మొదట తలుపు తెరువుమనును. వచ్చిన బోధకుని ప్రభువునే చేర్చుకొనినట్లు చేర్చుకొనవలెనట. ఒక దినము ఉండవచ్చును. అవసరమైనచో రెండవ దినము కూడ. మూడవ దినమును ఉండెనా, వాడు అబద్ధ ప్రవక్త. పోవునప్పుడు తరువాతి మజిలీ వరకు చాలు రొట్టె మాత్రమే తీసికొనవలెను. సొమ్మడిగెనా, వాడు అబద్ధ ప్రవక్త. దేవుడు పలికించుచున్నాడని విందు ఏర్పాటు చేయించి, ఆ విందును తానే తినువాడును అట్టివాడే. సత్యమును బోధించి, బోధించినది చేయనివాడును అట్టివాడే. అయితే బీదల నిమిత్తము అడిగినవానిని మాత్రము తప్పుపట్టరాదని ఆ గ్రంథమే హెచ్చరించుచున్నది.

ఈ నియమములలో వాక్చాతుర్యమునకు గాని, అద్భుతములకు గాని స్థానము లేదు. చూడవలసినది ఒక్కటే: ఆ మనుష్యుని నడవడి. అది మీ వాకిటనే కనబడును; దానికి పాండిత్యముతో పనిలేదు.

ఇంత కట్టడి యేల కావలసివచ్చినదో లూసియన్ అను గ్రీకు రచయిత వలన తెలియుచున్నది. ఆయన క్రైస్తవుడు కాడు, పరిహాసకుడు. పెరెగ్రీనస్ అనువాడు పాలస్తీనాలో క్రైస్తవులలో చేరి, కొద్దికాలములోనే వారికి పెద్దయై, చెరసాల పాలయ్యెననియు, అప్పుడు విధవలు, అనాథ బాలలు కూడ చెరసాల వాకిట కాచుకొనియుండిరనియు, దూరపు పట్టణముల నుండి విశ్వాసులు సొమ్ము తెచ్చియిచ్చిరనియు ఆయన వ్రాసెను. తరువాత ఆ సంఘమే వానిని వెలివేసెనట. క్రీ. శ. 165లో ఒలింపియా ఉత్సవ సమయమున వాడు జనులు చూచుచుండగా అగ్నిలో దూకి మరణించెను. పరిహాసకుని మాటలో కొంత తగ్గించి చూచినను, దయగలవారి చుట్టునే మోసగాండ్రు మూగుదురన్న మాట నిలుచును.

అయితే నడవడి యొక్కటే చాలునా? చాలదని మార్షియన్ చరిత్ర చెప్పుచున్నది. అతడు నల్లసముద్రపు తీరమున పొంతు దేశపు ఓడల యజమాని. రోము నగరమునకు వచ్చి అచటి సంఘమునకు 2,00,000 సెస్టర్సుల నాణెములు కానుక యిచ్చెను. అతడు ధనమడిగినవాడు కాడు, ఇచ్చినవాడు! అతని అనుచరులు కఠిన బ్రహ్మచర్యము పాటించిరి. విశ్వాసము కొరకు ప్రాణములిచ్చినవారును వారిలో గలరు. కాని యూదుల లేఖనముల దేవుడు వేరు, యేసు చెప్పిన తండ్రి వేరు అని అతడు బోధించెను. పాత నిబంధనను పూర్తిగా త్రోసివేసి, లూకా సువార్తను, పౌలు పత్రికలు పదింటిని మాత్రము, అవియు కోతపెట్టి, ఉంచుకొనెను. క్రీ. శ. 144 ప్రాంతమున రోము సంఘము అతనిని వెలివేసెను. అతడిచ్చిన సొమ్మును సైతము మరల అతని చేతికే యిచ్చివేసెనని టెర్టూలియన్ వ్రాసెను. కానుకకు లోబడి బోధను సహింపకుండుట ఏ సంఘమునకైనను సులభమైన పని కాదు.

కావున త్రాసులు రెండు. బోధకుని నడవడితోను, బోధను మూలగ్రంథముతోను తూచవలెను. అపొస్తలుల కార్యములలో బెరయ పట్టణపువారి వృత్తాంతము గలదు. పౌలంతటివాడు వచ్చి బోధించినను, వారు ఆ మాటలు నిజమా కాదా యని ప్రతిదినము లేఖనములు తెరచి చూచిరి. గ్రంథకర్త అందులకు వారిని నిందింపలేదు, ఘనులని మెచ్చుకొనెను. పరీక్షించుట అవమానించుట కాదని దీనివలన స్పష్టము. మన తర్కశాస్త్రము కూడ ఆప్తుని వాక్యము ప్రమాణమనును. కాని ఆప్తుడెవడో ముందుగా తేలవలెను గదా!

గ్రామమునకు పెద్దలైన తమకు నా విన్నపమిది. రోగి మంచము చెంత నిలిచి, ప్రార్థన చేసెదనని చెప్పువానిని అడ్డగింపవలదు. వైద్యుని మందు మానుమని చెప్పువానిని మాత్రము పదిమందిలో నిలిపి, ఆ మాట ఏ గ్రంథమున ఉన్నదో చూపుమని అడుగుడు. స్వస్థతకు వెల కట్టువానిని, ఆ సొమ్ము ఎవరికి చేరునని అడుగుడు. నిజమైన బోధకుడు ప్రశ్నకు కోపింపడు. పంట చేతికి వచ్చిననాడో, ఇంట శవము లేచిననాడో ఒంటరిగా దొరికిన కుటుంబమును మోసగించుట తేలిక. పెద్దలు ప్రక్కన కూర్చున్నప్పుడు అది కష్టము.

తీర్పులో తొందర మాత్రము కూడదు. నిజమైన ప్రవక్త ఊరిలో స్థిరపడగోరినచో, అతడు తన భోజనమునకు అర్హుడే యనియు, తొలి పంటలో కొంత అతనికి ఇవ్వవలెననియు డిడాకే చెప్పుచున్నది. ప్రవక్త లేని యెడల ఆ భాగము బీదలకు చెందవలెనట. అనుమానముతో ప్రతివానిని తరిమివేయు ఊరు మోసపోదు. కాని మంచి మాటను కూడ వినదు. ముందు అన్నము పెట్టుడు, తరువాత ఆలోచించి చూడుడు, అటుపిమ్మట నమ్ముడు.