హోమ్‌స్టెడ్ ఉన్నత పాఠశాల

పబ్లిక్ స్కూలు అనగానే మన దేశములో ఎత్తైన ప్రహరీగోడలు, గుఱ్ఱపుస్వారీ, సామాన్యునకు అందని జీతములు స్మరణకు వచ్చును. ఆ అర్థము మనకు ఇంగ్లండునుండి సంక్రమించినది. అమెరికాలో ఈ మాటకు అర్థము పూర్తిగా వేరు. ప్రజలు చెల్లించు పన్నులతో నడచుచు, నిర్ణీతమైన హద్దులలో నివసించు ఏ కుటుంబపు బిడ్డకైనను జీతము లేకుండ చదువు చెప్పునదే అచ్చట పబ్లిక్ స్కూలు. నేడు నేను శ్రోతలకు పరిచయము చేయదలచిన హోమ్‌స్టెడ్ ఉన్నత పాఠశాల ఈ రెండవ కోవకు చెందినది. కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ హోసే నగరపు శివారు పట్టణమైన కూపర్టినోలో ఉన్నది.

సిలికాన్ లోయ అని లోకము నేడు పిలుచుచున్న ఆ ప్రాంతము ఒకప్పుడు పండ్లతోటల సీమ. వసంతమున ఆప్రికాట్, ప్లమ్ చెట్లు పూచినప్పటి శోభను చూచి మురిసినవారు దానికి ‘హృదయానందపు లోయ’ అని పేరు పెట్టుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట విమాన, క్షిపణి, ఎలక్ట్రానిక్ పరిశ్రమలు వచ్చి చేరినవి. తోటలు కొట్టివేసి ఇండ్లు కట్టిరి. సాంటా క్లారా కౌంటీ జనసంఖ్య 1950లో సుమారు 2,90,000; 1970 నాటికి 10,60,000 దాటెను. ఇండ్లు లేచినచోట పిల్లలుందురు గదా! 1923లో ఏర్పడిన ఫ్రీమాంట్ యూనియన్ విద్యామండలి చాలకాలము ఒక్క ఉన్నత పాఠశాలతోనే సరిపెట్టుకొన్నది. యుద్ధానంతరము క్రొత్తవి వరుసగా కట్టవలసివచ్చెను. ఆ వరుసలో 1962లో వెలసినది హోమ్‌స్టెడ్. శతాబ్దముల చరిత్రగాని, రాతిస్తంభములుగాని, రాజపోషణగాని దీనికి లేవు.

ఇచ్చటి విద్యార్థుల బ్యాండుమేళమునకు మంచి పేరున్నది. విద్యార్థులు నడపు పత్రిక పేరు ‘ది ఎపిటాఫ్’, అనగా సమాధిఫలకము మీది వ్రాత! పదునారేండ్ల పిల్లలు తమ పత్రికకు ఇట్టి పేరు పెట్టుకొనుట మనకు వింతగా తోచును. కాని నేను మీ దృష్టిని నిలుపగోరునది ఆవరణ చివర, కార్లు నిలుపు స్థలము ప్రక్కన, షెడ్డువంటి కట్టడములో ఉండిన ఒక తరగతిగది.

ఆ గదిలో ఎలక్ట్రానిక్స్ బోధించినవాడు జాన్ మెకల్లమ్. నౌకాదళమున పనిచేసి వచ్చినవాడు. క్రమశిక్షణ విషయమున కఠినుడు. పాఠము చెప్పునపుడు మాత్రము ఇంద్రజాలికుడు. టెస్లా కాయిల్‌తో మెఱుపులు రప్పించి పిల్లలను విస్మితులను చేసెడివాడు. ఎక్కడెక్కడనుండియో సేకరించిన ట్రాన్సిస్టర్లతోను, ఇతర విడిభాగములతోను ఒక చిన్న సామానుగదిని నింపి, తనకు నమ్మకము కుదిరిన విద్యార్థులకు ఆ గది తాళపుచెవి ఇచ్చెడివాడు.

ఈ తాళపుచెవి సంగతి చదివినపుడు నా మనస్సు చివుక్కుమన్నది. నేను చదివిన ఉన్నత పాఠశాలలోను ప్రయోగశాల ఉండెను. బీరువా అద్దముల వెనుక గాజుకుప్పెలు, అయస్కాంతములు కనబడుచుండెడివి. తనిఖీకి అధికారులు వచ్చిననాడు తప్ప ఆ బీరువా తలుపులు తెరచుట నేను చూచి యెరుగను. వస్తువు పగులునేమో యను భయము. అది మా మాస్టర్ల దోషమని నేననను; పగిలినచో సంజాయిషీ చెప్పుకొనవలసినవారు వారే గదా!

మెకల్లమ్ శిష్యులలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. 1968లో చదువు ముగించినాడు. తండ్రి లాక్‌హీడ్ కంపెనీలో ఇంజనీరగుటచే ఇంటనే విద్యుత్తు ఓనమాలు దిద్దుకొన్నవాడు. తరగతిలో అతనికి నేర్పవలసినది త్వరలోనే అయిపోయెను. ఇట్టి శిష్యుని చూచి చిన్నబుచ్చుకొను గురువులున్నారు. నోరు మూసుకొని కూర్చుండుమను గురువులున్నారు. మెకల్లమ్ ఏమి చేసెనన, సమీపమునగల సిల్వేనియా కంపెనీవారితో మాట్లాడి, పాఠశాలలో లేని కంప్యూటరు మీద పనిచేయుటకై వారమున కొకదినము ఆ బాలుని అచ్చటికి పంపెను. చదరంగపు బల్లమీద గుఱ్ఱము 64 గడులను ఒక్కొక్కసారి మాత్రమే తాకుచు తిరుగు మార్గమును కనుగొను ప్రోగ్రామును అతడచ్చట వ్రాసెను. యంత్రము ఎంతసేపు తిరిగినను సమాధానము రాలేదు. లెక్కవేసి చూడగా, తాను వ్రాసిన పద్ధతిలో సమాధానము వచ్చుటకు విశ్వము వయస్సు కూడ చాలదని తేలినది!

ఇంటివద్ద అతడు కాగితముమీద కంప్యూటర్లను గీయుచుండెడివాడు. చిప్పులు కొనుటకు డబ్బు లేదు. కావున అదే పనిని ఇంకను తక్కువ చిప్పులతో ఎట్లు చేయింపవచ్చునాయని గీచినదానినే మరల మరల గీచెడివాడు. 1977లో వెలువడి ప్రసిద్ధికెక్కిన యాపిల్-2 యంత్రములో నిపుణులు మెచ్చుకొన్నది ఈ పొదుపునే.

అతడు బుద్ధిమంతుడేమీ కాడు. చివరి సంవత్సరమున టిక్కుటిక్కుమను ఒక పరికరమును చేసి, బాంబువలె కనబడునట్లు అమర్చి, స్నేహితుని అల్మారులో పెట్టెను. ప్రధానోపాధ్యాయుడు ఆ శబ్దము విని, దానిని రొమ్మునకు హత్తుకొని ఆటస్థలమునకు పరుగెత్తెను! ఆ రాత్రి మన కథానాయకుడు బాలనేరస్థుల నిర్బంధగృహమున గడిపెను. అచ్చటను ఊరకుండక, పైకప్పు పంకా తీగలను ఊచలకు తగిలించుట ఎట్లో తోటివారికి నేర్పెనట. నాకు మాత్రము నవ్వుకంటె ఆ ప్రధానోపాధ్యాయునిపై గౌరవమే ఎక్కువ కలిగినది.

స్టీవ్ జాబ్స్ కూడ ఇచ్చటివాడే కాని, పలువురు తలచునట్లు వారిద్దరు సహాధ్యాయులు కారు. జాబ్స్ చదువు ముగించినది 1972లో. ఇదే పాఠశాల విద్యార్థియైన బిల్ ఫెర్నాండెజ్ 1971లో వారిని కలిపెను. మెకల్లమ్‌కును జాబ్స్‌కును పొసగలేదు. మూడేండ్ల పాఠ్యక్రమములో జాబ్స్ ఒక్కయేడే నిలిచెను. ఒకసారి ఏదో విడిభాగము కావలసివచ్చి, ఫోను ఖర్చు అవతలివారే భరించునట్లుగా డెట్రాయిట్‌లోని బరోస్ కంపెనీకి ఫోనుచేసి, తానొక క్రొత్త యంత్రమును రూపొందించుచున్నానని చెప్పెను. వస్తువు విమానములో వచ్చి చేరినది. గురువు మండిపడెను. గురువు కోపము న్యాయమే. అయినను తరువాతి కాలమున ఒక సంస్థను నిలబెట్టినది ఆ తెగువయే యన్నమాట కూడ కాదనలేము.

జాబ్స్ ఈ పాఠశాలకు వచ్చిన విధము గమనింపదగినది. మౌంటెన్ వ్యూ పట్టణములోని మాధ్యమిక పాఠశాలలో తోటిపిల్లలు వేధింపగా, ఇక అచ్చటికి పోనని భీష్మించుకొనెను. యంత్రపు పనివాడైన తండ్రి పాల్ జాబ్స్ స్వయముగా ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేయనివాడు. కూడబెట్టినదంతయు పెట్టి, మంచి పాఠశాలల హద్దులో నుండుటకై లాస్ ఆల్టోస్‌లో ఇల్లు కొనెను. జీతము లేని చదువునకు ఇంటి రూపమున వెల చెల్లించుట యన్నమాట! నేడు ఆ హద్దులలో ఇంటి ధర పది లక్షల డాలర్లకు ఎంతో మించినది. అట్టి పనివాడు నేడు అచ్చట ఇల్లు కొనగలడా? మన తెలుగు కుటుంబములనేకము ఆ చుట్టుపట్ల స్థిరపడినవి. అద్దె యిల్లు చూడబోయిన తండ్రి గదులెన్నియని అడుగుటకు ముందు, ఏ పాఠశాల హద్దులోనిదని అడుగునట. తలుపు అందరికి తెరచియే యున్నది. తలుపుదాక పోవు బాట మాత్రము ఇరుకైనది.

జాబ్స్ 2011లో మరణించెను. అంతకుముందు తన జీవితచరిత్రను వ్రాయుచున్న వాల్టర్ ఐజాక్సన్‌కు తన బాల్యపు స్థలములను చూపుచు ఈ పాఠశాలకు వచ్చినపుడు, ఆవరణ చివర నున్న ఆ కట్టడపు కిటికీలోనుండి తొంగిచూచి, ఇదియే ఆ గది యని గుర్తుచేసికొనెను. దాని ప్రక్కగదిలో ఆ రోజులలో మోటారుకార్ల మరమ్మతు నేర్పెడివారట. పాల్ జాబ్స్‌కు ప్రాణమైన విద్య అది. కుమారునకు అంటని విద్యయు అదియే.